పదకొండు రోజుల జల్లెడ, ఆరో తరగతి గ.సా.భా.

మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్ పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. నలుగురం ఉంటాం, నలుగురం తెలుగువాళ్లమే. ఏదైనా పరికరం జనం ఇళ్లలోకి వెళ్లే ముందు దాని తాళం ఎంత గట్టిదో చూసి చెప్పడం మా పని. గత డిసెంబరులో ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్‌కి ఎన్ని లీటర్ల నీళ్లు వెళ్లాయో కొలిచే మీటర్లు వాళ్లవి. ఎండాకాలంలో ట్యాంకర్ రేటు ఎంతో తెలిసినవాళ్లకి ఈ వ్యాపారం బెంగళూరులో ఎందుకు నడుస్తుందో చెప్పక్కర్లేదు.

మీటర్లన్నీ తమ లెక్కల్ని బ్లాకుకొకటి చొప్పున ఉండే చిన్న పెట్టెకి పంపుతాయి. ఆ పెట్టె వాటిని పోగుచేసి కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. అపార్ట్‌మెంట్ మేనేజర్ చూసుకోవడానికి పెట్టెలోనే ఒక వెబ్ పేజీ కూడా ఉంటుంది. ఊరంతా కలిపి అలాంటి పెట్టెలు 3,812. ఒక్కో పెట్టెకి ఒక్కో ఆర్‌ఎస్‌ఏ కీ, 1024 బిట్లది. పెద్ద ఆర్డరు ఒకటి రాబోతోందనీ, ఆ లోపు రిపోర్టు కావాలనీ చెప్పారు. వాళ్ల మేనేజర్ గుంటూరాయన. మొదటి రోజే, "ఏమీ దొరకదు లెండి, ఊరికే ఒక సర్టిఫికెట్ కోసం" అన్నారు. ఇలా అన్నవాళ్ల దగ్గర ఏమీ దొరకని కేసు ఇంతవరకూ నేను చూడలేదు.

విషయం తెలియనివాళ్లకోసం రెండు మాటలు. డేటాకి తాళం వేయడానికీ, డిజిటల్ సంతకానికీ వాడే పద్ధతి ఆర్‌ఎస్‌ఏ. అందులో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకుంటారు. వాటిని పి, క్యూ అందాం. రెండూ గుణిస్తే వచ్చేది ఎన్. ఎన్ బహిరంగం, అందరికీ ఇస్తారు, పబ్లిక్ కీలో ముఖ్యమైనది అదే. పి, క్యూ మాత్రం రహస్యం. ఎన్‌ని విడగొట్టి పి, క్యూ తెలుసుకుంటే ప్రైవేట్ కీ, అంటే తాళం విప్పే, సంతకం చేసే రహస్య భాగం, మన చేతికి వచ్చినట్టే. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం సులువు. ఆ పరీక్షని అంచనాల మీద ఆధారపడకుండా, వేగంగా చేయవచ్చని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా నిరూపించారు. కాదని తేలాక, మరి దేనితో భాగం పోతుందని అడిగితేనే చిక్కు. 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లోనే లూకాస్ తేల్చేశాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ చూపించింది 1903లో. మధ్యలో 27 ఏళ్లు, అది విడిపోతుందని తెలుసు, ఎక్కడ విడిపోతుందో తెలియదు.

నేను చేసిన తప్పు

పెట్టెలోకి కొత్త సాఫ్ట్‌వేర్ వెళ్లాలంటే దాని మీద కంపెనీ సంతకం ఉండాలి. ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ పెట్టెలోనే ఉంది. మొదటి వారం బోర్డు విప్పి మెమరీ చదివితే ఆ కీ బయటపడింది. 512 బిట్లు. అంటే 155 అంకెల సంఖ్య.

దాన్ని చూడగానే నాకు చేతులు ఆగలేదు, ఒప్పుకుంటాను. ఈ సైజుకి ఒక చరిత్ర ఉంది. ఆర్‌ఎస్‌ఏ-155 అనే పోటీ సంఖ్యని 1999 ఆగస్టులో వందల కంప్యూటర్లు కలిసి విడగొట్టాయి. పదేళ్లకి, 2009లో, ఒక క్యాలిక్యులేటర్‌లోని ఇదే సైజు కీని ఒక అభిరుచి గల మనిషి ఇంట్లో కూర్చుని 73 రోజుల్లో విడగొట్టాడు. 2015 నాటికి కొందరు పరిశోధకులు క్లౌడ్‌లో మెషీన్లు అద్దెకి తీసుకుని నాలుగు గంటల్లో, సుమారు 75 డాలర్ల ఖర్చుతో పూర్తిచేసి చూపించారు. కుర్రాడిగా చదువుకున్న ఈ సంగతులన్నీ నా మెదడులో మోగుతున్నాయి. క్లయింట్ వివరాలు ఏవీ ఆఫీసు దాటకూడదని మా ఒప్పందంలో ఉంది కాబట్టి క్లౌడ్ కుదరదు. ఆఫీసు మూలన 16 కోర్ల మెషీన్ ఉంది. ఫ్రాన్స్‌లో తయారైన కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఉచిత ప్రోగ్రాము అందులో ఎక్కించి, సంఖ్యని ఇచ్చి, పెద్ద సంఖ్యలను విడగొట్టే నంబర్ ఫీల్డ్ సీవ్ అనే పద్ధతి మొదలుపెట్టేశాను. డిసెంబరు 18, శుక్రవారమో శనివారమో కూడా గుర్తులేదు, రాత్రి పదకొండుకి.

సీవ్ అంటే జల్లెడే. అది ఏం జల్లెడ పడుతుందో చిన్న సంఖ్య మీద చూపిస్తాను. 1357ని విడగొట్టాలనుకోండి. 37 వర్గం 1369. 1357తో భాగిస్తే శేషం 12. 40 వర్గం 1600, శేషం 243. ఈ 12, 243 రెండూ విడివిడిగా వర్గాలు కావు. కానీ 12 అంటే 3 సార్లు 4, 243 అంటే 3 సార్లు 81. రెండూ గుణిస్తే 2916, అది 54 వర్గం. అటువైపు 37నీ 40నీ గుణిస్తే 1480, 1357 తీసేస్తే 123. అంటే 123 వర్గమూ 54 వర్గమూ 1357 దగ్గర ఒకే శేషం ఇస్తాయి. ఇప్పుడు 123లోంచి 54 తీస్తే 69. 69కీ 1357కీ గ.సా.భా. తీస్తే 23. అయిపోయింది: 1357 అంటే 23 సార్లు 59. (41 దాకా వెళ్లి ఉంటే 324 అనే వర్గం నేరుగానే తగిలేది. చిన్న సంఖ్యలతో ఇదే ఇబ్బంది, పద్ధతి కంటే ముందు జవాబు దొరికిపోతుంది.)

పెద్ద సంఖ్యలో జరిగేదీ ఇదే. చిన్న చిన్న ప్రధాన సంఖ్యలుగా పూర్తిగా విడిపోయే శేషాలను కోట్ల కొద్దీ పోగుచేయాలి. జల్లెడ అంటే ఆ పోగుచేయడమే. తర్వాత వాటిలో ఏవేవి కలిపితే వర్గం అవుతుందో తెలుసుకోవడానికి లక్షల వరసల మాత్రికని సాధించాలి. చివర్లో వర్గమూలం, ఆపైన ఒక గ.సా.భా. క్వాడ్రాటిక్ సీవ్ అయినా, నంబర్ ఫీల్డ్ సీవ్ అయినా కథ ఇలాగే ముగుస్తుంది. శేషాలను చిన్నవిగా ఉంచడంలోనే తేడా. నంబర్ ఫీల్డ్ సీవ్ అందుకోసం పూర్ణ సంఖ్యలను దాటి బీజీయ సంఖ్యల లోకంలోకి వెళ్తుంది. ఆ బీజగణితం ఇక్కడ వివరించబోయి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

పదకొండు రోజులు పట్టింది. రాత్రంతా ఏసీ ఎందుకు తిరుగుతోందని ఇంటి ఓనరు రెండుసార్లు అడిగాడు. ఎనిమిదో రోజు మాత్రిక దశలో ఉండగా కరెంటు పోయింది, యూపీఎస్ పాపం నలభై నిమిషాలే లాగింది. మధ్యమధ్యలో దాచుకున్న స్థితి నుంచి మళ్లీ మొదలైంది కాబట్టి సగం రోజే పోయింది. చివరి దశలో మొదట వచ్చిన జవాబు 1, ఎన్. ఏమీ చెప్పని జవాబు అది. ఒక్కో ప్రయత్నానికి సగానికి సగం అవకాశమే ఉంటుందని తెలిసినా గుండె జారింది. రెండో ప్రయత్నంలో రెండు సంఖ్యలు తెర మీద పడ్డాయి. గుణించి చూశాను. సరిపోయింది.

గుంటూరాయనకి ఫోన్ చేస్తే ఆయన పెద్దగా చలించలేదు. "అది పాత కీ సార్, మార్చేద్దామనుకుంటున్నాం. ఇంతకీ మా 1024 బిట్ల కీలు?" అన్నారు.

సరైన ప్రశ్న అది. నేను పదకొండు రోజులు అసలు పని వదిలేసి, నాకు ముచ్చటైన పని చేశాను. 1024 బిట్లంటే 309 అంకెలు. ఇప్పటిదాకా అందరికీ తెలిసేలా విడగొట్టిన ఆర్‌ఎస్‌ఏ పోటీ సంఖ్యల్లో పెద్దది ఆర్‌ఎస్‌ఏ-250. 829 బిట్లు, 2020 ఫిబ్రవరి. దానికి ఒక్క కోర్ మీద అయితే సుమారు 2,700 ఏళ్లు పట్టేంత లెక్క చేశారు. మా 16 కోర్ల మెషీన్‌తో 309 అంకెల జోలికి పోవడం అంటే చెంచాతో సముద్రం తోడడమే. ఏసీ ఆపేశాను.

టీ తాగి వచ్చేలోపు

మా టీమ్‌లో కడప అమ్మాయి ఒకరు ఉన్నారు, చేరి ఏడాది కాలేదు. జనవరి మొదటి వారంలో నేను దిగాలుగా కూర్చుంటే ఆ అమ్మాయి అడిగింది.

"అన్నా, మన దగ్గర ఉన్నది ఒక్క ఎన్ కాదు కదా, 3,812 ఉన్నాయి. గ.సా.భా. తీసి చూశారా?"

చూడలేదు. నేను ఇతరులకి పాఠం చెప్పే విషయమే ఇది, నా పనిలో మాత్రం మరిచిపోయాను.

సంగతి ఏమిటంటే, ఒక సంఖ్యని విడగొట్టడం కష్టం. రెండు సంఖ్యల్లో ఉమ్మడి కారణాంకం ఉంటే దాన్ని పట్టుకోవడం మాత్రం ఎంత పెద్ద సంఖ్యలకైనా చిటికెలో పని. 10403, 10807 తీసుకోండి. ఒక్కోదాన్ని చూస్తే ఏమీ తెలియదు. ఆరో తరగతిలో నేర్పిన భాగహార పద్ధతిలో వెళ్దాం. 10807లోంచి 10403 పోతే 404. 10403ని 404తో భాగిస్తే శేషం 303. 404ని 303తో భాగిస్తే శేషం 101. 303ని 101తో భాగిస్తే శేషం సున్నా. గ.సా.భా. 101. ఒకటి 101 సార్లు 103, ఇంకోటి 101 సార్లు 107. మూడు భాగహారాలతో రెండు తాళాలూ తెరుచుకున్నాయి. యూక్లిడ్ కాలం నాటి పద్ధతి, 309 అంకెలకైనా ఇదే.

పి అనే ప్రధాన సంఖ్యని నిజంగా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే రెండు పెట్టెలకి ఒకటే రావడం ఈ విశ్వం ఉన్నంతకాలం జరగకూడదు. కానీ జరుగుతుందని 2012లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. ఒకటి నాడియా హెనింగర్ వాళ్లది, ఇంకోటి ఆర్యెన్ లెన్‌స్ట్రా వాళ్లది. ఇంటర్నెట్‌లో కనిపించే పబ్లిక్ కీలన్నీ పోగుచేసి గ.సా.భా. తీస్తే, హెనింగర్ బృందానికి టీఎల్‌ఎస్ (వెబ్‌లో పోయే డేటాకి తాళం వేసే పద్ధతి) వాడే సర్వర్లలో 0.5 శాతం వాటి ప్రైవేట్ కీలు చేతికొచ్చాయి. ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి చిన్న పరికరాలే.

కడప అమ్మాయి ముందు అచ్చంగా ఒకేలా ఉన్న కీలను వేరుచేసింది. అక్కడే మొదటి దెబ్బ. 3,812లో వేర్వేరు ఎన్‌లు 3,781 మాత్రమే. మిగతా 31 నకళ్లు. తర్వాత 3,781 సంఖ్యలను జతలు కట్టి గ.సా.భా. తీయమని పదిహేను వరసల పైథాన్ ప్రోగ్రాము రాసింది. 71,46,090 జతలు. నడవనిచ్చి కిందికి టీకి వెళ్లాం. మెస్ పక్కన కొట్టులో అల్లం టీ, ఒక ఉస్మానియా బిస్కట్టు. తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెర పైనుంచి కిందిదాకా సంఖ్యలే.

268 ఎన్‌లు విరిగాయి. వాటిలో 143 ఒకే పి పంచుకున్నాయి. మరో 61 ఇంకో పి పంచుకున్నాయి. మిగతావి చిన్న చిన్న గుంపులు. ఆ 31 నకళ్లు కూడా ఈ గుంపుల్లోవే. మొత్తం 299 పెట్టెల ప్రైవేట్ కీలు, నయాపైసా కరెంటు బిల్లు లేకుండా.

ఇక్కడ ఈ పని చేసేవాళ్ల కోసం ఒక పక్కమాట. కీలు నాలుగు వేలే కాబట్టి జతలు కట్టినా సరిపోయింది. లక్షల్లో ఉంటే కుదరదు. అప్పుడు అన్ని ఎన్‌లనూ చెట్టులా రెండేసి చొప్పున గుణించుకుంటూ పైకి వెళ్లి ఒకే మహా లబ్ధం తయారుచేస్తారు. మా 3,781కి అది సుమారు 11.6 లక్షల అంకెలు వచ్చింది. దాన్ని ఒక్కో ఎన్ వర్గంతో భాగించి శేషం తీసుకుని, ఆ శేషాన్ని ఎన్‌తో భాగించి, వచ్చినదానికీ ఎన్‌కీ గ.సా.భా. తీస్తే, ఆ ఎన్ మిగతా అన్నిటితో కలిపి ఏం పంచుకుందో ఒక్క దెబ్బకి తెలుస్తుంది. మర్నాడు అలాగే మళ్లీ చేసి చూశాం, పది సెకన్లలోపే అదే జాబితా వచ్చింది. ఒక్క చోట జాగ్రత్త: పి ఒకరితో, క్యూ ఇంకొకరితో పంచుకున్న ఎన్‌కి గ.సా.భా. గా ఎన్ మొత్తమే వచ్చేస్తుంది, విడగొట్టినట్టు కనిపించదు. మాకు అలాంటివి ఆరు వచ్చాయి. వాటిని విడిగా తీసి జతలు కట్టాలి. నకళ్లను ముందే తీసేయకపోయినా ఇదే గందరగోళం.

మిగతా 3,513 కీలను కూడా ఊరికే వదల్లేదు. కోటిలోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూశాం. పి, క్యూ మరీ దగ్గరగా ఉంటే పట్టుకునే ఫెర్మా పద్ధతి వాడాం. దాని బలం చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. 8616460799ని ఏ రెండు సంఖ్యలు గుణిస్తే వస్తుందో తనకి తప్ప ఎవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చని 1874లో జెవన్స్ అనే ఆంగ్లేయుడు రాశాడు. దాని వర్గమూలం 92824 దాటి కొంచెం. 92825 నుంచి ఒక్కో సంఖ్య వర్గం చేసి, ఇది తీసేసి, మిగిలింది వర్గమా అని చూస్తూ పోతే 56వ ప్రయత్నంలో 92880 దగ్గర 3199 వర్గం తగులుతుంది. కూడితే 96079, తీసేస్తే 89681. కాగితం, పెన్ను, ఒక మధ్యాహ్నం చాలు. పాపం జెవన్స్ రెండు సంఖ్యలనూ పక్కపక్కన ఎంచుకున్నాడు, అంతే. మా కీల్లో అలాంటివి లేవు. పొలార్డ్ 1974 నాటి పద్ధతి, అంటే పి లోంచి ఒకటి తీస్తే మిగిలేది చిన్న ముక్కలుగా విడిపోతేనే పనిచేసేది, అదీ ఏమీ ఇవ్వలేదు. 2017లో ఎస్టోనియాలో లక్షల గుర్తింపు కార్డులను కుదిపిన రోకా అనే, చిప్పులు కీలు తయారుచేసే తీరులోని లోపం ఆనవాళ్లు కూడా చూశాం, లేవు. సంఖ్యలను విడగొట్టే మరో పద్ధతి, ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి, ఒక రాత్రి నడిపాం, ఆశతో కాదు, రిపోర్టులో రాయడానికి. (దాన్ని కనిపెట్టిన హెన్‌డ్రిక్ లెన్‌స్ట్రా, పైన చెప్పిన ఆర్యెన్ లెన్‌స్ట్రా అన్నదమ్ములు. కారణాంకాలు ఆ ఇంటి పంట.)

పి ఒకటే, క్యూ వేరు. ఎందుకు?

ఈ ప్రశ్న దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాం. అంతా కలిసిపోతే నకలు అనుకోవచ్చు, అంతా వేరైతే సమస్యే లేదు. సగం కలిసి సగం విడిపోవడమే ఆనవాలు.

299 పెట్టెలూ మొదటి లాట్‌లోవే. బల్ల మీద అలాంటి పెట్టె ఒకటి పెట్టి, మెమరీ తుడిచి, కొత్తదానిలా పవర్ ఇచ్చి చూశాం. ఆ పెట్టెలో బ్యాటరీ గడియారం లేదు. పవర్ రాగానే దాని లెక్క ప్రకారం 1970 జనవరి 1, అర్ధరాత్రి. డిస్కు లేదు, కీబోర్డు లేదు, నెట్‌వర్కు ఇంకా రాలేదు. యాదృచ్ఛికత ఎక్కడినుంచో రావాలి కదా, కెర్నెల్ (పెట్టెని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని ఇలాంటి కదలికల నుంచే ఏరుకుంటుంది. కదలికే లేనప్పుడు లోపల ఉన్నది ప్రతి పెట్టెలోనూ ఒకేలాంటి ఖాళీ. కానీ అడిగితే మాత్రం ఏదో ఒకటి ఇచ్చేస్తుంది, లేదని చెప్పదు. పెట్టె లేచిన అయిదారు సెకన్లకే కీ తయారుచేయడం మొదలుపెడుతోంది. అందుకే అన్నిటికీ అదే పి.

పి దొరకడానికి ఆ చిన్న ప్రాసెసర్‌కి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపు గడియారం ముల్లు ఒక్కో పెట్టెలో ఒక్కోలా కదులుతుంది. కీ తయారుచేసే లైబ్రరీ ప్రతిసారీ ఆ సెకన్ల లెక్కని కలుపుకుంటుంది. క్యూ దగ్గరికి వచ్చేసరికి దారులు చీలతాయి. అలా చీలని వాటికి క్యూ కూడా ఒకటే వచ్చింది, అవే నకళ్లు. 2012లో హెనింగర్ వాళ్లు వివరించింది అచ్చంగా ఇదే. ఏళ్లు గడిచాయి, ఆ బోర్డు మీద కెర్నెల్ మాత్రం అంతకంటే పాతది.

మరి రెండో లాట్ నుంచి ఎందుకు బాగున్నాయి? ఎవరో ఆలోచించి బాగుచేశారనుకుని గుంటూరాయన్ని అడిగాను. కాదట. రెండో లాట్ నుంచి బిగించే కుర్రాళ్లకి ఫోన్‌లో యాప్ ఇచ్చారు. వైఫై కలిపాకే కీ తయారవుతుంది, ఆ లోపు నెట్‌వర్కు కదలికలతో కావలసినంత పోగవుతుంది. భద్రత కోసం కాదు, కుర్రాళ్ల సౌకర్యం కోసం చేసిన మార్పు మూడున్నర వేల పెట్టెలను కాపాడింది.

సంక్రాంతికి సున్నా లీటర్లు

"నీళ్ల లెక్కే కదా సార్, ఎవరు చూస్తే ఏం పోయింది?" ఇది గుంటూరాయన మాట కాదు, వాళ్ల పై ఆయనది. దీనికి మాటలతో జవాబు చెప్పలేదు.

కంపెనీ వాళ్లే ప్రయోగాలకి వాడే ఒక అపార్ట్‌మెంట్ ఉంది. అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, సంక్రాంతి వారంలో అక్కడి ఆఫీసు నెట్‌వర్కు మీద పోయే డేటాని పోగుచేశాం. మేనేజర్ రోజూ తెరిచే పేజీ పెట్టె నుంచే వస్తుంది. ఆ పెట్టె 299లో ఒకటి. పాత తరహా ఆర్‌ఎస్‌ఏ కీ మార్పిడి కాబట్టి, ప్రైవేట్ కీ తెలిస్తే పోగుచేసినదంతా తర్వాత తీరిగ్గా విప్పి చదువుకోవచ్చు. విప్పాం. ఫ్లాట్ నంబరు, రోజు, లీటర్లు. జనవరి 12 నుంచి 17 దాకా ఏ ఏ ఫ్లాట్లలో సున్నా ఉందో ఎరుపు రంగు వేసి ఒక్క కాగితం మీద అచ్చు తీసి బల్ల మీద పెట్టాను. మన ఊళ్ల వాళ్లు ఉన్న బిల్డింగ్ అది. సగం కాగితం ఎరుపే. సున్నా లీటర్లు అంటే ఇంటికి తాళం వేసి ఉందని.

ఆయన ఆ కాగితం కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత బడ్జెట్ గురించి ఎవరూ అడగలేదు. దొంగ పెట్టెగా నటించి సర్వర్‌కి తప్పుడు లెక్క పంపే ప్రయోగం కూడా చేశాం, అదీ నడిచింది. కానీ కాగితం చేసిన పని అది చేయలేదు.

మళ్లీ జల్లెడ దగ్గరికి

పరిష్కారం కాగితం మీద తేలికే. పాత కీలు రద్దు చేసి, పెట్టెలన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపి, సరిగ్గా కొత్త కీలు తయారు చేయించడం. అన్ని పెట్టెలూ ఎందుకంటే, 1024 బిట్ల కాలం ఎలాగూ అయిపోయింది.

కొత్త సాఫ్ట్‌వేర్ మీద సంతకం కావాలి. సంతకానికి ఆ 512 బిట్ల కీ తాలూకు ప్రైవేట్ సగం కావాలి. అది ఎవరి దగ్గర ఉందని అడిగితే గదిలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బోర్డు చేసిచ్చిన సంస్థ దగ్గర. ఆ సంస్థ మూతపడి చాలాకాలమైంది. ఫోన్లు లేవు, మెయిళ్లు వెనక్కి వస్తున్నాయి. "మార్చేద్దామనుకుంటున్నాం" అన్న మాట వెనకున్న సంగతి ఇదన్నమాట, మార్చాలని ఉంది, మార్చే దారే లేదు. మనుషులని పంపి 3,812 పెట్టెలూ విప్పించాలి. వైట్‌ఫీల్డ్ నుంచి కనకపుర రోడ్డు దాకా, ప్రతి అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీతో, అసోసియేషన్‌తో మాట్లాడుకుంటూ.

కడప అమ్మాయి నావైపు చూసింది. పదకొండు రోజుల ఏసీ బిల్లు గురించి రెండు వారాలుగా నన్ను ఆటపట్టిస్తున్న అమ్మాయి. "అన్నా, ఆ సంఖ్యలు దాచారా, తీసేశారా?"

దాచాను.

వాళ్ల కీ వాళ్లకే మళ్లీ తయారుచేసి ఇవ్వడం అన్నమాట. వాళ్ల లాయర్ చేత ఒక ఉత్తరం రాయించుకుని, బల్ల మీది పెట్టెలో ముందు ప్రయత్నించాం. పి, క్యూ నుంచి ప్రైవేట్ ఘాతాంకం లెక్కకట్టి, ఖాళీ సాఫ్ట్‌వేర్ ఒకదాని మీద సంతకం చేసి పంపితే పెట్టె మారుమాట లేకుండా తీసుకుంది. నాకు సంతోషం ఎంతో, భయమూ అంతే. మేం చేయగలిగింది ఎవరైనా చేయగలరు. ఈ తలుపు మేం వాడుకోవచ్చు, కానీ ఒక్కసారే, వాడిన వెంటనే మూసేయాలి.

అందుకే మొదటి అప్‌డేట్‌లో ఒక్కటే పని పెట్టాం: సంతకం సరిచూసే కీని మార్చడం. కొత్తది ఎలిప్టిక్ కర్వ్ కీ (ఆర్‌ఎస్‌ఏ కాని మరో రకం, పైన చెప్పిన విడగొట్టే పద్ధతి కాదు), దాని ప్రైవేట్ సగం కంపెనీ లాకర్‌లో, ఇద్దరు కలిస్తేనే తెరుచుకునే పద్ధతిలో. అది వెళ్లాకే, కొత్త సంతకంతో, రెండో అప్‌డేట్. అందులో పెట్టె నెట్‌వర్కు మీదికి వచ్చి, లోపల తగినంత యాదృచ్ఛికత పోగయ్యేదాకా ఆగి, సర్వర్ ఒక్కో పెట్టెకి విడిగా పంపే గింజని (యాదృచ్ఛిక సంఖ్యని) కూడా కలుపుకుని, అప్పుడు 2048 బిట్ల కీ తయారుచేస్తుంది. కొత్త కెర్నెళ్లలో, అంటే 2014 నాటి 3.17 నుంచి, ఇలా ఆగి ఎదురుచూసే గెట్‌రాండమ్ అనే పిలుపు ఉంది. ఆ బోర్డు మీద అది లేదు, యాదృచ్ఛికత చాలకపోతే ఆగిపోయే పాత మార్గాన్నే (/dev/random) వాడాల్సి వచ్చింది. కొన్ని పెట్టెలకి కీ రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. బిగించే కుర్రాళ్లు తిట్టుకున్నారు. ఏడు నిమిషాలు పట్టనివ్వమని రిపోర్టులో పెద్ద అక్షరాలతో రాశాను.

పెట్టెల కీలు కూడా ఎలిప్టిక్ కర్వ్‌కి మార్చేస్తే ఈ గ.సా.భా. గొడవే ఉండదు కదా అని వాళ్ల ఇంజినీరు అడిగాడు. మార్చడం మంచిదే, కానీ ఆ కారణంతో కాదు. యాదృచ్ఛికత లేకపోతే అక్కడా ఒకే కీ రెండు పెట్టెలకి రావచ్చు, ఊహించగలిగే కీలూ రావచ్చు, గ.సా.భా. లేదు కాబట్టి అలాంటివాటిని పట్టుకోవడమే కష్టమవుతుంది. దగ్గు మందు తాగితే దగ్గు తగ్గుతుంది, క్షయ తగ్గదు. పాత బ్రౌజర్ల కోసం చివరికి వాళ్లు ఆర్‌ఎస్‌ఏలోనే ఉండిపోయారు. సరే, అలాగైతే సర్వర్ గుమ్మంలో కాపలా పెట్టండన్నాం. కొత్త కీ వచ్చిన ప్రతిసారీ, అప్పటిదాకా వచ్చిన కీలన్నిటి లబ్ధంతో గ.సా.భా. తీసి, ఒకటి తప్ప ఏం వచ్చినా వెనక్కి పంపేయాలి. కడప అమ్మాయి పదిహేను వరసలు కొంచెం పెరిగి నలభై అయ్యాయి. ఇప్పుడు అవి అక్కడే నడుస్తున్నాయి.

రెండు అప్‌డేట్‌లూ పూర్తవడానికి మూడు వారాలు పట్టింది. మా మెషీన్‌లోని 512 బిట్ల కీ కారణాంకాలను గుంటూరాయన ఎదుటే తుడిచేశాం. 3,797 కొత్త కీలు వచ్చాయి. 72,06,706 జతలు, అన్నిటికీ గ.సా.భా. ఒకటే. మిగిలిన 15 పెట్టెల్లో పద్నాలుగింటికి మనుషులు వెళ్లి మార్చి వచ్చారు. పదిహేనోది సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్‌లో, పైపుల షాఫ్ట్‌కి కొత్తగా వేసిన టైల్స్ వెనక ఉండిపోయింది. అది ఆ 143లో ఒకటి. పాత కీతోనే రోజూ సర్వర్‌ని పలకరిస్తోంది, సర్వర్ రానివ్వడం లేదు. టైల్ పగలగొట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. ఆ బ్లాకు వాళ్లకి ప్రస్తుతం నీళ్ల బిల్లు సగటు లెక్కన వేస్తున్నారు.